కెమెరాకు గొంగడి కప్పుదాం



ఈ నెల మనం ఒక చెక్కపెట్టె, ఒక పాత లారీ ట్యూబు, ఒక చిరిగిన గొంగడి తీసుకొని ఒక యంత్రం నోరు మూయించబోతున్నాం. ఆ యంత్రం పేరు కెమెరా.

"కెమెరా మాట్లాడుతుందా మాస్టారూ?" అని మీరు అడగవచ్చు. మాట్లాడదు. కాని సణుగుతుంది. సెల్‌ఫోనులోని చిన్న కెమెరా సంగతి వేరు. అందులో కదిలే భాగాలు బహు తక్కువ, కనుక దాని సణుగుడు మన చెవికి అందదు. పెండ్లిళ్ళలో ఫోటోలు తీసే పెద్ద కెమెరాను గమనించండి. మీట నొక్కగానే 'టక్'మంటుంది. లోపల ఒక చిన్న అద్దం పైకి లేస్తుంది, దాని వెనుక తెర ఒకటి తెరుచుకొని మూసుకుంటుంది. కొత్త రకాలలో ఆ అద్దం లేదు. అయినా లెన్సును ముందుకూ వెనక్కూ జరిపే చిన్న మోటారు చాలావాటిలో 'గిర్రు'మంటూనే వుంటుంది.

వీడియో తీసేటప్పుడు ఆ గిర్రుతోనే చిక్కు. మాట్లాడే మనిషి కెమెరాకు పది అడుగుల దూరంలో వుంటాడు. మోటారేమో కెమెరాలోని మైకుకు రెండంగుళాల దూరంలో వుంటుంది. మైకుకు మంచీ చెడూ తెలియదు. దగ్గరగా వున్నది పెద్దగా వింటుంది, దూరంగా వున్నది చిన్నగా వింటుంది. అందుచేత మనిషి మాట మీద మోటారు రొద పేరుకుంటుంది.

సినిమా కెమెరా రొద ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎందుకో తెలియాలంటే మీ ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చోండి. సూది పైకి లేచినప్పుడల్లా అడుగున వున్న పళ్ళు గుడ్డను కొంచెం ముందుకు లాగి ఆపుతాయి. లాగడం, ఆపడం, మళ్ళీ లాగడం! 1895లో ఫ్రాన్సు దేశపు లూమియేర్ సోదరులు తమ సినిమా కెమెరాకు కావలసిన ఉపాయాన్ని కుట్టుమిషను పనితీరు నుంచే అల్లుకున్నారు. ఫిల్ము కూడా అలాగే నడవాలి. బొమ్మ పడేంతసేపు కదలకుండా నిలవాలి, వెంటనే పక్కకు జరిగి మరో బొమ్మకు చోటివ్వాలి. టాకీ చిత్రానికి సెకనుకు 24 బొమ్మలు కావాలి. అంటే కెమెరాలోని కొక్కెం నిమిషానికి 1,440 సార్లు ఫిల్మును పట్టి లాగుతుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఒక అడుగులో 16 బొమ్మలు పడతాయి. మరి నిమిషానికి ఎన్ని అడుగులు పరుగెత్తుతుందో మీరే లెక్క కట్టండి. 90 అడుగులు! అంత ఫిల్ము పళ్ళచక్రాల మీద కొట్టుకుంటూ పోతుంటే చప్పుడు కాకేమవుతుంది?

మూకీ చిత్రాల రోజులలో ఈ చప్పుడును ఎవరూ పట్టించుకోలేదు. బొమ్మలకు మాటలే లేనప్పుడు కెమెరా ఎంత అరిస్తే ఏం? 1927 అక్టోబరులో అమెరికాలో 'ది జాజ్ సింగర్' వచ్చింది. తెర మీది మనిషి పాడాడు, మాట్లాడాడు. జనం టాకీల వెంట పడ్డారు. అప్పుడు స్టూడియోల వారికి కెమెరా రొద కొరకరాని కొయ్య అయింది.

వారు మొదట చేసిన పని ఏమిటో తెలుసా? కెమెరానూ, దానిని నడిపే మనిషినీ కలిపి ఒక గదిలాంటి పెట్టెలో పెట్టి తలుపు మూశారు. ముందు వైపు గాజు కిటికీ. గాలి ఆడదు, లోపల ఉడుకు. ఆ పెట్టెకు వారు ఎగతాళిగా 'ఐసుపెట్టె' అని పేరు పెట్టుకున్నారు. అంత పెట్టెను అటూ ఇటూ తిప్పడం కష్టం, కనుక కెమెరా ఉన్నచోటనే వుండిపోయింది. కొంతకాలానికి తెలివైన వారు ఆలోచించారు. చప్పుడు చేసేది కెమెరా, మనిషి కాదు. అయితే మనిషిని ఎందుకు పెట్టెలో వెయ్యాలి? కెమెరా ఒక్కదానికే సరిపోయే పెట్టె చేస్తే చాలదా? అలా పుట్టింది 'బ్లింప్'. పొట్ట ఉబ్బిన ఒక రకం గాలి ఓడను కూడా ఇంగ్లీషులో బ్లింప్ అనే అంటారు. లోపల మెత్తనివి కుక్కిన కెమెరా పెట్టె కూడా అలాగే ఉబ్బి కనిపించేది.

మన దేశంలో మొదటి టాకీ 'ఆలం ఆరా'. 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. దానిని తీసిన స్టూడియో పక్కనే రైలుపట్టాలు వుండేవి. అందుచేత రైళ్ళ రాకపోకలు ఆగిన తరువాత, అర్ధరాత్రి దాటాక ఎక్కువ భాగం తీశారు. మైకులను తెరకు కనబడకుండా దాచవలసి వచ్చేది. మరుసటి సంవత్సరం, 1932 ఫిబ్రవరి 6న, మన తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది. దర్శకులు హెచ్.ఎం. రెడ్డి గారు. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్య గారు, లీలావతిగా సురభి కమలాబాయి గారు, ప్రహ్లాదుడుగా సింధూరి కృష్ణారావు అనే బాలుడు నటించారు. పాట ఒకరు పాడితే పెదవులు మరొకరు కదిపే పద్ధతి అప్పటికి మన దేశంలో రాలేదు. నటించేవారే పాడాలి, అప్పుడే, ఆ కెమెరా ముందే. కాబట్టి ఆ పాటకూ కెమెరా రొదకూ మధ్య ఏదో ఒక అడ్డు వుండి తీరాలి గదా!

సరే, ఆ అడ్డును మనం ఎలా చెయ్యాలి? చాలామంది పిల్లలు "దూది చుట్టేస్తే సరి" అంటారు. తొందరపడకండి. దొంగను పట్టాలంటే ముందు వాడు వచ్చే దారులు తెలియాలి. పెట్టెలో వున్న చప్పుడు బయటికి రావడానికి మూడు దారులున్నాయి.

మొదటిది గాలి దారి. సందు వుంటే చాలు, గాలితోపాటు ధ్వని దూరిపోతుంది. చప్పుడును బొత్తిగా పోనివ్వని గోడ ఒకటి వున్నదనుకుందాం. ఆ గోడలో నూరోవంతు ఖాళీ వుంటే, దానివల్ల తగ్గే ధ్వని 20 డెసిబెల్స్‌కు మించదు. తక్కిన తొంభైతొమ్మిది వంతులు ఎంత గట్టిగా కట్టినా దండగే.

రెండవది గోడ దారి. సందు లేకపోయినా లోపలి ధ్వని గోడను అదిలిస్తుంది. గోడ అదిరి బయటి గాలిని అదిలిస్తుంది. బరువైన గోడ అంత తేలికగా అదరదు. గోడ బరువు రెట్టింపయితే సుమారు 6 డెసిబెల్స్ అదనంగా తగ్గుతుంది. అందుకే తేలికైన థర్మోకోలు చప్పుడును ఆపలేదు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించేవారున్నారు. అవి గదిలో ప్రతిధ్వనిని కొంచెం తగ్గిస్తాయేమో గాని, పక్కింటి రొదను ఆపవు. పైగా నిప్పు తగిలితే భగ్గుమంటాయి.

మూడవది కాళ్ళ దారి. యంత్రం దేనిమీద కూర్చుంటే దానిని అదిలిస్తుంది. పెట్టె అడుగుకు కెమెరాను మరతో బిగిస్తే, పెట్టె మొత్తం తబలా అయి మోగుతుంది.

మరి గొంగడి పని ఏమిటి? పెట్టెలో బందీ అయిన ధ్వని గోడలకు కొట్టుకొని మళ్ళీ మళ్ళీ తిరుగుతూ పెరుగుతుంది. గొంగడి పోగుల మధ్య సన్నని గాలిదారులు వేలకొద్దీ వుంటాయి. ధ్వని వాటిలో దూరి రాపిడికి అలసి, రవ్వంత వేడిగా మారి నశిస్తుంది. అంటే గొంగడి ధ్వనిని తాగుతుంది, కాని అడ్డుకోదు. అడ్డుకోవడానికి బరువు కావాలి, సందు మూయడానికి రబ్బరు కావాలి, కాళ్ళ కింద మెత్త కావాలి. ఒక్కొక్క దారికి ఒక్కొక్క కాపలాదారు. ఈ సంగతి మరిచిపోకండి.

నా మాట నమ్మనక్కరలేదు. పరీక్షించి చూడండి. టిక్కుటిక్కుమనే టైంపీసు ఒకటి సంపాదించండి. అది మన ఉత్తుత్తి కెమెరా. ఇద్దరు స్నేహితులు చాలు. ఒకరు టైంపీసు దగ్గర వుండండి. రెండవవారు మెల్లగా దూరం జరుగుతూ, టిక్కు వినబడడం ఆగిన చోట నిలబడాలి. ఎన్ని అడుగులో కొలవండి. మూడుసార్లు చేసి మధ్య అంకె రాసుకోండి.

ఒకటి: బోర్లించిన స్టీలు బిందె మీద టైంపీసు.
రెండు: అదే బిందె మీద నాలుగు మడతల గొంగడి, దానిమీద టైంపీసు.
మూడు: నేలమీద గొంగడి పరిచి, టైంపీసును దానిలో చుట్టండి.
నాలుగు: చెక్కపెట్టెలో పెట్టి, మూతకింద పెన్సిలు ఒకటి ఇరికించండి.
ఐదు: పెన్సిలు తీసి మూత గట్టిగా మూయండి.
ఆరు: అడుగున గొంగడి మెత్త, చుట్టూ గొంగడి, మూత అంచుకు రబ్బరు.

ప్రతి పరీక్షకు ముందు ఎంత వస్తుందో మీ ఊహ రాయండి, తరువాత కొలవండి. మొదటిదానికీ రెండవదానికీ తేడా చూస్తే కాళ్ళ దారి తెలుస్తుంది. నాలుగుకూ ఐదుకూ తేడా చూస్తే గాలి దారి తెలుస్తుంది. ఇంకొక చిట్కా చెబుతాను. గోడలు లేని ఆరుబయట, వినబడే దూరం సగానికి సగం తగ్గిందంటే, చప్పుడు సుమారు 6 డెసిబెల్స్ తగ్గినట్టు. 16 అడుగులు 8 అయితే 6, 4 అయితే 12. చూశారా, పైసా ఖర్చు లేకుండా డెసిబెల్స్ కొలిచాం!

కాని పరీక్షలన్నీ ఒకే వేళకు చెయ్యండి. మా గడ్డపోతారంలో తెల్లవారుజామున వినబడే టిక్కు, లారీలు కదిలే వేళకు వినబడదు. అది టైంపీసు తప్పు కాదు.

గడ్డపోతారం మాట వచ్చింది కనుక ఒక వింత చెబుతాను. కెమెరా బ్లింపుకు పెద్దన్న మా ఊళ్ళోనే వున్నాడు. కరెంటు పోయినప్పుడు కంపెనీలలో నడిచే డీజిల్ జనరేటర్లను చూడండి. చాలావాటికి ఇనుపరేకుల పెద్ద పెట్టె వుంటుంది. మన దేశంలో 2005 జనవరి 1 నుంచి తయారయ్యే జనరేటర్లకు, 1000 కె.వి.ఎ. దాకా, ఒక నియమం వున్నది. పెట్టెకు ఒక మీటరు దూరంలో ధ్వని 75 డెసిబెల్స్ దాటరాదు. ఆ పెట్టెలోనూ మన కాపలాదారులే వున్నారు. బరువైన రేకు, లోపల ధ్వనిని తాగే మెత్త, తలుపు అంచుకు రబ్బరు, ఇంజను కాళ్ళకింద అదురు ఆపే దిమ్మెలు. ఇంజనుకు గాలి కావాలి గదా, మరి సందు లేకుండా ఎలా? గాలిని మెత్త అంటించిన వంకర దారిలో తిప్పి పంపుతారు. గాలి మలుపు తిరిగి పోతుంది. ధ్వని మలుపు మలుపుకూ మెత్తకు తగిలి చిక్కిపోతుంది.

ఇక మన పెట్టె చేద్దాం. కావలసినవి: అరంగుళం మందం ప్లైవుడ్ పెట్టె, పంక్చరు షాపులో దొరికే పాత లారీ ట్యూబు, పాత గొంగడి లేక బొంత, నల్లగుడ్డ, గాజు పలక ఒకటి, పాత స్వెట్టరు చెయ్యి ఒకటి, జిగురు. కెమెరాకు అన్ని వైపులా మూడు వేళ్ళ ఖాళీ వుండేట్టు పెట్టె కొలత తీసుకోండి.

ముందు ట్యూబును కోసి శుభ్రంగా కడిగి ఆరబెట్టి, పెట్టె లోపల అన్ని గోడలకూ అంటించండి. ఇది బరువు. రబ్బరు గోడ మోతను కూడా అణచివేస్తుంది. దానిమీద గొంగడి రెండు పొరలు అంటించండి. ఇది తాగేది. అడుగున మడతల గొంగడి మెత్త వేసి దానిమీద కెమెరా కూర్చోబెట్టండి. కెమెరా ఎక్కడా చెక్కకు తగలకూడదు.

ముందు గోడలో లెన్సుకు ఎదురుగా రంధ్రం చేసి, లోపలి వైపు గాజు పలక పెట్టి, అంచు చుట్టూ ట్యూబు పట్టీతో సందు మూయండి. లెన్సు గాజుకు బాగా దగ్గరగా వుండాలి, కాని తగలకూడదు. తగిలితే అదురు గాజుకు ఎక్కుతుంది. లెన్సు చుట్టూ నల్లగుడ్డ చుట్టండి, లేకపోతే కెమెరా తన నీడను తానే గాజులో చూసుకుంటుంది. వెనుక గోడలో చెయ్యి పట్టే రంధ్రం చేసి, స్వెట్టరు చెయ్యిని దానికి కుట్టినట్టు అంటించండి. మీ చెయ్యి అందులోనుంచి పోయి మీట నొక్కుతుంది, స్వెట్టరు మణికట్టును పట్టుకొని సందు మూస్తుంది. మూత అంచుకు రబ్బరు పట్టీ, రెండు కొక్కేలు. పెట్టె అయిపోయింది.

మూడు హెచ్చరికలు. రంపం, గాజు పెద్దవాళ్ళ పని. గాజు అంచులకు వాళ్ళచేతనే టేపు వేయించండి. పెట్టె లోపల గాలి ఆడదు కనుక కెమెరా వేడెక్కుతుంది. పది నిమిషాలు తీసి, మూత తెరిచి చల్లారనివ్వండి. మూడవది మా ఊరి పిల్లలకూ, కాజిపల్లి, బొల్లారం, పటాన్‌చెరు పిల్లలకూ మరీ మరీ చెబుతున్నాను. కంపెనీల బయట పడివున్న సంచులు, డ్రమ్ములు, మెత్తలు, గాజుదూది ముట్టుకోవద్దు. అవి ఊరికే దొరికినా మనకు వద్దు. వాటికి ఏ రసాయనం అంటుకొని వున్నదో చూసి చెప్పడం మీవల్లా కాదు, నావల్లా కాదు.

ఇప్పుడు తెలివైనవారు ఎవరో అడుగుతారు: "మైకు కూడా పెట్టెలో చిక్కుకున్నది గదా, మాట ఎలా వినబడుతుంది?" శభాష్! అందుకే సినిమావాళ్ళు బొమ్మనూ ధ్వనినీ వేరువేరు యంత్రాలలో పట్టుకుంటారు. మీరు కూడా ఇంట్లోని సెల్‌ఫోనును రికార్డరుగా చేసి, మాట్లాడేవారికి జానెడు దూరంలో పెట్టండి. మొదలుపెట్టే ముందు కెమెరా ఎదుట నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తరువాత కంప్యూటరులో, చేతులు కలిసిన బొమ్మకు 'టప్' అన్న ధ్వనిని సరిగ్గా ఎదురుగా పెడితే, పెదవులూ మాటలూ కలిసిపోతాయి. సినిమా షూటింగులో నల్లపలక కొట్టేది అందుకే. అది ఆచారం కాదు, లెక్క.

ఇంత శ్రమ ఎందుకు అంటారా? విన్నారంటే మీకే తెలుస్తుంది. జర్మనీలో 1937లో ఆరిఫ్లెక్స్ అనే తేలికైన సినిమా కెమెరా వచ్చింది. ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, కాని రొద ఎక్కువ. ఆ కంపెనీయే 1972లో బ్లింపును తనలోనే దాచుకున్న నమూనాను తెచ్చి, దాని పేరులోనే 'బి.ఎల్.' అనే అక్షరాలు చేర్చింది. మన దేశంలో మాత్రం ఆరుబయట చిత్రాలు తీసేవారు 1960ల నుంచి వేరే దారి పట్టారు. కెమెరా ఎంత అరిచినా అరవనీ, మాటలు తరువాత స్టూడియోలో మళ్ళీ చెప్పిద్దాం అన్నారు. అదే డబ్బింగు. 2001లో 'లగాన్' వంటి పెద్ద చిత్రం మాటలను షూటింగు జరిగిన చోటనే పట్టుకున్నప్పుడు అందరూ వింతగా చెప్పుకున్నారు.

నటులకు డబ్బింగు వున్నది. మీ తాతకు డబ్బింగు వున్నదా?

ఆలోచించండి. కంపెనీలు రాకముందు మా గడ్డపోతారంలో ఏ చేనును ఏ పేరుతో పిలిచేవారు, ఏ చెరువు కింద ఏ పంట పండేది, బతుకమ్మకు ఏ పూలు ఎక్కడినుంచి తెచ్చేవారు, ఇవన్నీ చెప్పగలిగినవారు ప్రతి వాడలో ఒకరిద్దరే మిగిలారు. మీ ఊళ్ళోనూ అంతే అయివుంటుంది. నాయనమ్మ ఒకసారి నవ్వి, ఒకసారి తడబడి, మధ్యలో దగ్గి చెప్పిన మాటను మరొకసారి అలాగే చెప్పమంటే చెప్పలేదు. కొన్నాళ్ళకు అడగడానికి ఆమే వుండదు. ఆ మాట మీద మోటారు గిర్రు పడితే, దానిని పూర్తిగా ఏరివేయడం ఏ కంప్యూటరుకూ తేలిక కాదు. రొద పడిన తరువాత కడగడంకంటే, పడకుండా కాయడం మేలు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు పెట్టె చేస్తుంటే "పనికిమాలిన పని" అనకండి. రంపం మీరు పట్టుకొని, కొలతలు వాళ్ళచేత వేయించండి. పెద్దవారి మాటలు పట్టుకునే రోజున టీవీ, మిక్సీ, ఫ్యాను ఆపండి. కెమెరాకు గొంగడి కప్పి, ఇంట్లో టీవీ మోగనిస్తే ఏం లాభం? పెద్దవారిని ముందు అడిగి, వారు సరేనన్నాకే తీయండి. వద్దన్నది తీయవద్దు.

పిల్లలకు ఈ నెల ఇంటిపని ఇది. ఆరు పరీక్షల అంకెలు నోటుబుక్కులో పట్టికగా రాయండి. మీ ఊహకూ కొలతకూ ఎక్కడ ఎక్కువ తేడా వచ్చిందో అక్కడ గీత గీసి, ఎందుకు వచ్చిందో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యమే మీరు నేర్చుకున్న శాస్త్రం. కెమెరా లేని పిల్లలు చిన్నబోవద్దు. టైంపీసుతో పరీక్షలు చేసి, ఇంట్లోని ఫోనును తాత పక్కన జానెడు దూరంలో పెట్టి, ఆయన మాట మాత్రం పట్టుకోండి. బొమ్మ లేకపోయినా మాట వుంటుంది.

వచ్చే నెల ఆ గొంగడి మిగిలిన ముక్కతో ఐసు కరగకుండా దాచే డబ్బా చేద్దాం. చలికి కప్పుకునే గొంగడి చల్లదనాన్ని ఎలా కాస్తుందో అంతవరకు ఆలోచించి పెట్టుకోండి.